చక్రంలేని డిస్కు

మా వీధి చివర ఒక టైలరుగారు ఉన్నారు. ఆయన పెద్దమ్మాయి ఇంటర్మీడియెట్ చదువుతున్నది. వాళ్ళ ఇంట్లో 2014లో కొన్న లాప్‌టాప్ ఒకటి ఉన్నది. దాని మీట నొక్కి, పొయ్యి మీద పాలు పెడితే, పాలు పొంగేవి గాని లాప్‌టాప్ మేలుకునేది కాదు. ఆ పిల్ల గడియారం దగ్గర పెట్టుకుని లెక్క చూసింది కూడానూ. మూడు నిమిషాల పది సెకన్లు!

షాపులో చూపిస్తే, "ఇది పాతబడిపోయింది, కొత్తది కొనండి, నలభై వేలవుతుంది" అన్నారట. నలభై వేలంటే టైలరుగారికి మాటలా? రెండు పెళ్ళిళ్ళ సీజన్లు రాత్రింబవళ్ళు కుట్టాలి. ఒకనాటి సాయంత్రం తండ్రీ కూతుళ్ళు దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"మాస్టారూ, దీన్ని అమ్మితే ఏమన్నా వస్తుందంటారా?" అన్నాడాయన.

నేను లెక్కలు చెప్పినవాణ్ణే గాని రిపేర్లు చేసేవాణ్ణి కాను. అయినా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. లోపల ఎలుక గింజలు కొరుకుతున్నట్టు సన్నని చప్పుడు.

"దీని తెలివికి ఏమీ రాలేదయ్యా. జ్ఞాపకమే బహు నిదానం. అది మారిస్తే చాలు," అన్నాను.

పిల్లలూ, ఆ చప్పుడు ఏమిటో ముందు చెప్పుకుందాం. మనం రాసినవీ, చూసే బొమ్మలూ, వినే పాటలూ అన్నీ కంప్యూటరు దాచుకోవాలి గదా. ఆ దాచుకునే చోటు చాలాకాలంగా హార్డుడిస్కు. అందులో గ్రామఫోను రికార్డులాంటి పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాని పైన, తగిలీ తగలనంత ఎత్తున, ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతూ అయస్కాంతపు గుర్తులను చదువుతుంది. 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు మొట్టమొదట అలాంటి యంత్రం చేసినప్పుడు అందులో ఒక్కొక్కటి 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్ళేలుండేవి. టన్ను పైగా బరువున్న ఆ యంత్రం దాచుకోగలిగినది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాటి ఫోనుతో ఒకటి రెండు ఫోటోలు తీస్తే అది కాస్తా నిండిపోతుంది.

మామూలు లాప్‌టాప్‌లోని పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 సార్లు. అబ్బో, ఎంత వేగం అనిపిస్తుంది! కాని లెక్క చూడండి. కావలసిన అక్షరం చేతి కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి. అది సెకనులో 180వ వంతు. చెయ్యి ఆ చోటికి జరగటానికి అంతకన్నా ఎక్కువ కాలమే పడుతుంది. అంచేత సెకనుకు నూరు చోట్ల కూడా అది వెతకలేదు. కంప్యూటరు నిద్రలేవాలంటే వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు వేర్వేరు చోట్ల నుంచి ఏరుకోవాలి. మూడు నిమిషాలు ఎందుకు పట్టిందో తెలిసింది గదా!

మరి పళ్ళెమూ వద్దు, చెయ్యీ వద్దు అనుకుంటే? 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఒక ఉపాయం కనిపెట్టారు. విద్యుత్తు ఏ పక్కకూ పోలేని పొర మధ్య ఒక చిన్న గది కట్టి, అందులోకి ఎలక్ట్రాన్లను నెట్టి బంధించారు. కరెంటు తీసివేసినా అవి లోపలే ఉంటాయి. 1980లలో జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా ఇలాంటి గదులను పెద్ద సంఖ్యలో పేర్చి, ఒక గుంపు మొత్తాన్ని ఒక్కసారిగా తుడిచే పద్ధతి కనిపెట్టాడు. కెమేరా ఫ్లాష్ వెలిగినట్టు అంతా ఒక్క క్షణంలో చెరిగిపోతున్నదని ఆయన తోటి ఉద్యోగి ఒకరు దానికి ఫ్లాష్ అని పేరు సూచించాడట. ఆ పేరే నిలిచిపోయింది.

ఇలాంటి ఫ్లాష్ చిప్పులతో చేసిన డిస్కునే సాలిడ్ స్టేట్ డ్రైవ్, పొట్టిగా ఎస్.ఎస్.డి. అంటారు. డిస్కు అన్నది పాత అలవాటు కొద్దీ అనడమే. లోపల తిరిగేది ఏదీ లేదు. 1991లో సన్‌డిస్క్ అనే కంపెనీ 20 మెగాబైట్ల ఎస్.ఎస్.డి. ఒకటి తయారుచేసింది. ఖరీదు వెయ్యి డాలర్ల దరిదాపు. మెగాబైటు అంటే పదిలక్షల అక్షరాలు, అంటే మెగాబైటుకు 50 డాలర్లు! ఆ కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకరు మన కాన్పూరులో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా.

అప్పటికీ ఇప్పటికీ ధర అంతగా ఎలా దిగింది? ఒక కారణం, ఆ చిన్న గదులను అంతస్తుల మీద అంతస్తులుగా కట్టటం నేర్చుకున్నారు. రెండో కారణంలోనే మనం కొనేటప్పుడు తెలుసుకోవలసిన కిటుకంతా ఉన్నది. దాన్ని చెప్పటానికి మా అమ్మమ్మ బియ్యం కొలిచిన మానిక పనికివస్తుంది.

మానికకు రెండు తవ్వలు, నాలుగు సోలలు, ఎనిమిది అరసోలలు, పదహారు గిద్దలు. సరేనా? ఇప్పుడు ఒక మానికను చీకటి గదిలో పెట్టి, చేత్తో తడిమి, అందులో బియ్యం ఎంతున్నదో చెప్పమన్నారనుకోండి. నిండుగా ఉన్నదా, ఖాళీగా ఉన్నదా అని మాత్రమే అడిగితే క్షణంలో చెబుతారు. పొరపాటు పడరు. మొట్టమొదటి ఫ్లాష్ చిప్పులు ఇంతే. ఒక గదికి ఒకటే సమాధానం, ఉన్నదా లేదా. ఎన్ని సోలలున్నవో చెప్పమంటే కొంచెం ఆగి తడమాలి. అయితే అదే మానిక ఇప్పుడు రెండు సమాధానాలంత సమాచారం దాస్తుంది. ఎన్ని అరసోలలో చెప్పాలంటే మూడు సమాధానాలంత. దీన్ని టి.ఎల్.సి. అంటారు. ఎన్ని గిద్దలో చెప్పాలంటే నాలుగంత. దీని పేరు క్యు.ఎల్.సి.

చూశారా, మానిక మారలేదు, బియ్యమూ మారలేదు. కొలత మాత్రం సన్నమయింది. అంచేత అదే చిప్పులో ఎక్కువ సరుకు పడుతుంది, ధర తగ్గుతుంది. కాని గిద్ద తేడా కూడా రాకుండా పొయ్యాలంటే నెమ్మదిగా పొయ్యాలి. అంచు కాస్త అరిగినా గిద్దల లెక్క తప్పుతుంది. చవక డిస్కు నిదానంగా రాయటానికీ, త్వరగా అరగటానికీ మూలం ఇదే.

అరగటం అంటే ఏమిటని అడిగింది టైలరుగారి అమ్మాయి. తరగతి గదిలో నల్లబల్లను తలుచుకోమన్నాను. ఖాళీ ఉన్నచోట ఒక వరుస రాయవచ్చు. కాని రాసిన వరుస ఒక్కటే తుడవటానికి వీల్లేదు, తుడిస్తే బల్ల మొత్తం తుడవాలి అని ఒక నియమం ఉన్నదనుకోండి. ఫ్లాష్ చిప్పు నియమం సరిగ్గా అదే. ఒక వరుస మార్చాలంటే పనికివచ్చే వరుసలన్నీ వేరే బల్ల మీదికి ఎత్తి రాసి, ఈ బల్లను తుడవాలి. తుడిచినప్పుడల్లా బల్ల మీది నలుపు కొంచెం పోతుంది. డిస్కు లోపల కంట్రోలరు అనే ఒక చిన్న మెదడు ఉండి, ఏ బల్ల ఎన్నిసార్లు తుడిచామో లెక్క పెట్టుకుంటూ, అన్ని బల్లలూ సమంగా అరిగేలా చూస్తుంది. మా బడిలో ఆ పని క్లాసు లీడరు చేసేవాడు, అంత నమ్మకంగా కాదనుకోండి.

ఇక ధర, పనితనం పోల్చి చూద్దాం. ఊరికే మాటలెందుకు, ఒకే కంపెనీ చేసిన రెండు డిస్కులు తీసుకుందాం. శాంసంగ్ వారి 870 క్యు.వి.ఓ. 2020లో వచ్చింది. అది గిద్దల రకం. 870 ఈ.వి.ఓ. 2021లో వచ్చింది. అది అరసోలల రకం. రెంటికీ పెట్టె మీద వేగం దాదాపు ఒకటే, చదవటానికి సెకనుకు 560 మెగాబైట్లు, రాయటానికి 530. అలా అయితే చవకది కొంటే పోలేదా అనిపిస్తుంది. కాని కంపెనీవారే మరో కాగితంలో అసలు సంగతి రాశారు. 1 టెరాబైటు (అంటే పదిలక్షల మెగాబైట్లు) క్యు.వి.ఓ. ఆ వేగంతో రాయగలిగేది మహా అయితే మొదటి 42 గిగాబైట్లు. గిగాబైటు అంటే వెయ్యి మెగాబైట్లు. ఆ పైన వేగం 80 మెగాబైట్లకు పడిపోతుంది.

ఎందుకలా? కుప్ప నూర్చిన రోజు చూడండి. ధాన్యం బళ్ళు వరసగా వస్తాయి. ముందు వాకిట్లో దబదబ దింపుకుంటారు. తీరిక చూసుకుని తట్టలతో గాదెలోకి ఎత్తుతారు. వాకిలి నిండిపోయాక ఇంకా బళ్ళు వస్తే? తట్టలు నడిచినంత వేగమే బళ్ళదీను. క్యు.ఎల్.సి. డిస్కు కూడా ముందు కొన్ని మానికలను "నిండా ఖాళీయా" అనే తేలిక లెక్కతో వాడుకుని, తరువాత తీరిగ్గా గిద్దల లెక్కలోకి సర్దుకుంటుంది.

100 గిగాబైట్ల ఫోటోలు రాయాలనుకుందాం. ఈ.వి.ఓ. 530 వేగం చివరిదాకా నిలుపుతుంది గనక 189 సెకన్లు, మూడు నిమిషాల చిల్లర. క్యు.వి.ఓ. మొదటి 42 గిగాబైట్లకు 79 సెకన్లు, మిగిలిన 58కి 725 సెకన్లు, వెరసి 804 సెకన్లు, అంటే పదమూడు నిమిషాలు దాటింది. (ఇచ్చే డిస్కు కూడా అంత వేగంగా ఇస్తేనే ఈ లెక్క.) ఈ ముక్క పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఎవరూ వెయ్యరు.

మన్నిక కూడా చూడాలి. ఈ.వి.ఓ. టెరాబైటు డిస్కు మీద 600 టెరాబైట్లు రాసేదాకా, లేదా 5 ఏళ్ళు నిండేదాకా, ఏది ముందైతే అంతవరకు పూచీ అన్నారు. క్యు.వి.ఓ.కి 360 టెరాబైట్లు, 3 ఏళ్ళు. ఇక్కడ భయపడనక్కర్లేదు. మీరు రోజుకు 20 గిగాబైట్లు రాసినా, ఇళ్ళల్లో అంత రాసేవాళ్ళు తక్కువ, 600 టెరాబైట్లకు 30,000 రోజులు పడుతుంది. ఎనభై రెండేళ్ళు! 360కి 18,000 రోజులు, నలభై తొమ్మిదేళ్ళు. ఇంటి వాడకానికి ఈ సంఖ్యల తేడా చూసి ఎక్కువ డబ్బు పెట్టటం అనవసరమని నా అభిప్రాయం. పూచీ మూడేళ్ళా ఐదేళ్ళా అన్నది మాత్రం అవసరమే. డిస్కులు అరిగిపోకముందే వేరే జబ్బులతో పోవటం కద్దు.

ధర పోల్చటం తేలికే. రూపాయలను గిగాబైట్లతో భాగించండి. 500 గిగాబైట్లది 3,500 రూపాయలనుకుంటే గిగాబైటుకు 7 రూపాయలు. టెరాబైటుది 6,000 అనుకుంటే 6 రూపాయలు. (ఇవి లెక్క కోసం అనుకున్న ధరలు. చిప్పుల ధరలు టమాటా ధరల్లాగా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, కొనే రోజున అడిగి తెలుసుకోవలసిందే.) గిద్దల రకానికీ అరసోలల రకానికీ ధరలో పదో వంతే తేడా ఉంటే నేను కళ్ళు మూసుకుని అరసోలల రకమే కొంటాను. మూడో వంతు తగ్గితే, సినిమాలూ పాటలూ దాచుకునేవాళ్ళు గిద్దల రకం కొన్నా నష్టం లేదు. ఒకసారి రాసి పదిసార్లు చదువుకునే సరుకు అది. ఇక బోలెడంత సరుకు చవగ్గా దాచాలంటే ఇప్పటికీ ఆ తిరిగే పళ్ళెమే నయం.

మర్నాడు ముగ్గురం షాపుకు వెళ్ళాం. షాపతను చూయింగ్ గమ్ బిళ్ళంత సన్నని డిస్కు ఒకటి తీసి, "దీని వేగం ఏడు వేలు సార్!" అన్నాడు. నిజమే, ఎన్.వి.ఎం.ఇ. అనే రకం ఉన్నది. మామూలు సాటా రకం ఒంటెద్దు బండి పోయే డొంకదారి వంటిది. దాని మీద 560కి మించి పోవటం కష్టం. ఎన్.వి.ఎం.ఇ. రకానిది నాలుగు వరుసల రహదారి. 2022లో వచ్చిన శాంసంగ్ 990 ప్రో వేగం 7,450 దాకా అన్నారు. మొదటిదానికి పదమూడు రెట్లు!

మరి లాప్‌టాప్ పదమూడు రెట్లు త్వరగా లేస్తుందా? లేవదు. పెద్ద సినిమా ఒక్కటి పొడుగునా చదివేటప్పటి వేగం అది. చిన్న ముక్కలు ఒకదాని తరువాత ఒకటి ఏరుకునేటప్పుడు, కంపెనీ లెక్క ప్రకారమే, 870 ఈ.వి.ఓ. సెకనుకు 13,000 ముక్కలు తెస్తుంది, 990 ప్రో 22,000 తెస్తుంది. రెట్టింపైనా కాలేదు. పాత పళ్ళెం నూరు కూడా తేలేదని ఇందాక అనుకున్నాం గదా. నూరు నుంచి పదమూడు వేలకు వెళ్ళటం కళ్ళకు కనిపిస్తుంది. పదమూడు నుంచి ఇరవై రెండు వేలకు వెళ్ళటం, సినిమాలు కత్తిరించి అతికించే పనివాళ్ళకు తప్ప, కనిపించటం కష్టం.

అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆ బిళ్ళను పెట్టే చోటే మన పాత లాప్‌టాప్‌లో లేదు! అందులో ఉన్నది రెండున్నర అంగుళాల సాటా డిస్కుకు మాత్రమే చోటు. అమ్మాయి ముందు రోజే అడుగుమూత విప్పి చూసి, కొలిచి, పుస్తకంలో బొమ్మ గీసుకుని వచ్చింది. ఆ బొమ్మ చూపించింది. షాపతను నవ్వి, సాటా డిస్కు తీసి ఇచ్చాడు. 500 గిగాబైట్లు, టి.ఎల్.సి. రకం, ఐదేళ్ళ పూచీ. నాలుగు వేల లోపే అయింది.

బిగించటం అమ్మాయే చేసింది. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ముందు ఒక తీగతో కొత్త డిస్కును తగిలించి పాతదాంట్లో ఉన్నదంతా నకలు తీశాం. ఆ రాత్రంతా పట్టింది. తెల్లవారి బ్యాటరీ ఊడదీసి, పాతది తీసి కొత్తది పెట్టాం. మరలు పోకుండా టైలరుగారి బొత్తాల డబ్బాలో వేశాం. తరువాత వాటిని బొత్తాల్లోంచి ఏరటానికి పావుగంట పట్టిందనుకోండి! మీట నొక్కింది. టైలరుగారు గడియారం పట్టుకున్నారు. ఇరవై నాలుగు సెకన్లు.

పాత హార్డుడిస్కును పారెయ్యవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. చిన్న డొక్కులో బిగించి, నెలకొకసారి ముఖ్యమైనవన్నీ దాంట్లోకి నకలు తియ్యమన్నాను. అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, నాకు తగిలిన దెబ్బ అటువంటిది.

నేను రిటైరు అయ్యాక మా బడి స్వర్ణోత్సవం జరిగింది. ఫోటోలు దాచే పని నాకు అప్పగించారు. ఇంటర్నెట్‌లో ఒకచోట "16 టెరాబైట్ల" డిస్కు, అసలైన ఒక టెరాబైటు డిస్కు కన్నా తక్కువ ధరకు కనిపించింది. అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, లెక్కల మాస్టర్ని, గిగాబైటుకు ఎన్ని పైసలు పడుతున్నదో భాగించి చూసుకోవద్దూ? చూసుకోలేదు. కొన్నాను. ఫోటోలన్నీ అందులోకి ఎక్కించాను. పేర్లన్నీ వరుసగా కనిపించాయి. కెమేరా కార్డులు తుడిచి తిరిగి ఇచ్చేశాను. మూడు నెలల తరువాత తెరిచి చూస్తే మూడింట రెండువంతుల ఫోటోలు తెరుచుకోలేదు. డిస్కు డొక్కు విప్పాం. లోపల జిగురుతో అంటించిన 64 గిగాబైట్ల ఫోను కార్డు ఒకటి ఉన్నది. తాను 16 టెరాబైట్లని కంప్యూటరుతో అబద్ధం చెప్పేటట్టు దాన్ని మార్చారు. చోటు నిండాక వచ్చిన వాటిని అది తీసుకున్నట్టు నటించి వదిలేసింది. ముప్ఫయ్యేళ్ళు మా బడి గంట కొట్టిన తాత ఆ రోజు చివరి గంట కొడుతూ పిల్లలతో తీయించుకున్న ఫోటోలు ఆ పోయిన వాటిలో ఉన్నాయి. ఆయన ఆ మరుసటి ఏడు కాలం చేశాడు. వాళ్ళబ్బాయి వచ్చి ఫోటో అడిగితే ఇవ్వలేకపోయాను.

ఇలాంటి మోసం పట్టుకోవటానికి దారి ఉన్నది. కొన్న డిస్కును అంచుదాకా నింపి, రాసినది రాసినట్టు తిరిగి వస్తున్నదో లేదో చూసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఎఫ్3 అనేది వాటిలో ఒకటి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. కొత్త డిస్కులో ఇంకా ఏమీ దాచకముందే ఆ పరీక్ష చెయ్యాలి.

మరొక సంగతి. ఎస్.ఎస్.డి.లో ఫోటోలు పెట్టి, బీరువాలో పడేసి, పదేళ్ళకు తీద్దామనుకోవద్దు. గదిలో బంధించిన ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా కారిపోతూ ఉంటాయి. వేడికి ఇంకా త్వరగా కారతాయి. పూచీ ఇచ్చినంతా రాసి అరిగిన డిస్కు, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది పాటు సరుకు నిలపాలని పరిశ్రమవారు పెట్టుకున్న కొలత. కొత్త డిస్కు అంతకన్నా బాగా నిలుపుతుంది గాని, మన రెంటచింతల వైపు వేసవి 30 డిగ్రీల దగ్గర ఆగుతుందా? అప్పుడప్పుడు తగిలించి చూసుకోవాలి, రెండో నకలు వేరే చోట ఉండాలి. డిస్కును అంచుదాకా నింపకుండా పదో వంతైనా ఖాళీ ఉంచితే, నల్లబల్లలు మార్చుకోవటానికి దానికి చోటుంటుంది.

రెండు రోజుల తరువాత టైలరుగారు మళ్ళీ వచ్చారు, ముఖం చిన్నబుచ్చుకుని. "మాస్టారూ, పెట్టె మీద 500 అని ఉన్నది. కంప్యూటరు 465 చూపిస్తున్నది. మనకూ అబద్ధపు డిస్కు అంటగట్టారా?"

మోసం కాదు. కంపెనీవాళ్ళు మనలాగే వెయ్యితో లెక్కిస్తారు. వాళ్ళ 500 గిగాబైట్లంటే 50,000 కోట్ల అక్షరాలు. విండోస్ మాత్రం వెయ్యికి బదులు 1024తో లెక్కిస్తుంది. అమ్మాయి అక్కడే కూర్చుని 50,000 కోట్లను 1024తో మూడుసార్లు భాగించింది. 465.66 వచ్చింది. టెరాబైటుకు ఎంతవుతుందో కూడా చేసింది, 931.

టైలరుగారు కాగితం కేసి చూసి, "ఓసి దీనిల్లు బంగారంగానూ! గుడ్డ మీటర్లలో కొని గజాల్లో కొలిచినట్టన్నమాట. అంకె మారుతుంది గాని గుడ్డ అంతే," అన్నాడు.

ముప్ఫయ్యారేళ్ళు పాఠం చెప్పిన నాకు ఆ పోలిక తట్టలేదు.